రెండో బంతి

లెక్కలంటే నాకు చిన్నప్పటినుంచీ హడలు. పదో తరగతి గట్టెక్కగానే వాటికో నమస్కారం పెట్టి, ఆర్ట్స్ గ్రూపులో చేరి, ఎలాగో బి.ఏ. అయిందనిపించాను. అందులో ఎకనామిక్సు ఒక సబ్జెక్టు. గిరాకీ, సరఫరా అనే రెండు గీతలు ఒకదాన్నొకటి అడ్డంగా కోసుకుంటాయన్నది తప్ప పరీక్షనాటికి నాకింకేమీ గుర్తుండేది కాదు. ఇన్నేళ్ళుగా నవలలు రాస్తున్నాను గానీ నా నాయికల్లో ఒక్కతైనా షేర్లు కొన్న పాపాన పోలేదు. అలాంటి నేను ఒక దేశం దేశమంతా ఆస్తుల ధరలు పొంగి చల్లారిపోయిన కథ చెప్పబోతున్నానంటే నాకే నవ్వొస్తోంది. తప్పు నాది కాదు సుమండీ, పక్కింటావిడది. ఆ పక్కిల్లు టోక్యోలో ఉంది.

మా చెల్లెలు అక్కడే కాపరం. 2024 జనవరిలో దానికి రెండో కానుపు. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, విమానం ఎక్కలేనంది. పురుడు పొయ్యడానికి నేనే బయల్దేరాను. పెట్టెలో సగం కాయం, ఇంగువ, ఆవకాయ. మిగతా సగంలో ఉన్ని బట్టలు. వాళ్ళుండే పేటని నిషి కసాయ్ అంటారు. అక్కడ మనవాళ్ళు చాలామంది ఉన్నారు. 2000 సంవత్సరం వస్తే కంప్యూటర్లలో తేదీలు తారుమారవుతాయని ప్రపంచమంతా గాభరాపడిన రోజుల్లో మనదేశంనుంచి ఇంజనీర్లు వెళ్ళి అక్కడ స్థిరపడ్డారట. ఈ 2000 సంవత్సరాన్ని కాస్త గుర్తుపెట్టుకోండి, దానితో తరవాత పని ఉంది.

మా చెల్లెలి ఫ్లాటుకి ఎదురుగా ఉన్న ఫ్లాటులో ఒక పెద్దావిడ ఉంటుంది. డెబ్భై ఎనిమిదేళ్ళు. మా చెల్లెలి పెద్దపిల్ల ఆవిడని ‘ఒబాచాన్’ అంటుంది. అంటే మామ్మ. నేనూ అలాగే పిలవసాగాను. ఆవిడ నన్ను ‘ఓనేసాన్’ అనేది, అంటే అక్కగారు. నాకన్నా ముప్ఫై ఏళ్ళు పెద్దావిడ నన్ను అక్కగారనడం మొదట్లో ఎబ్బెట్టుగా ఉండేది గానీ, బాలింత ఇంట్లో పెద్దరికం నాదే కనక సర్దుకున్నాను. ఆవిడకొక్కడే కొడుకు, నలభై ఆరేళ్ళవాడు. పెళ్ళి కాలేదు. రాత్రిళ్ళు ఏదో గోడౌనులో పార్సిళ్ళు సర్దే పనికి వెళ్ళి తెల్లవారి వస్తాడు. ఒకసారి నేను పది కిలోల బియ్యం సంచీ మొయ్యలేక అవస్థపడుతుంటే, నడుం దాకా వంగి నమస్కరించి, సంచీ భుజానేసుకుని ఇంటిదాకా తెచ్చిపెట్టాడు. ఊరికే పంపడం బాగుండదని ఆవకాయన్నం ముద్ద ఒకటి పెట్టాను. కళ్ళమ్మట నీళ్ళు ధారగా కారుతున్నా ‘ఓయిషీ, ఓయిషీ’ అన్నాడు. బాగుందని అర్థంట. ఇంత మంచివాడికి ఒక స్థిరమైన ఉద్యోగమూ, ఓ పెళ్ళామూ ఎందుకు లేవో అనుకున్నాను. అనుకోవడమేమిటి, మా చెల్లెలితో అననే అన్నాను. “బద్ధకస్తుడా ఏమిటే?” అని.

ఆ మాటకి తరవాత చాలా సిగ్గుపడ్డాను.

ఫిబ్రవరి 22, గురువారం. పిల్లాడికి నీళ్ళు పోసి, సాంబ్రాణి ధూపం వేసి, టీవీ ముందు కూలబడ్డాను. కోట్లు తొడుక్కున్న మగవాళ్ళు చప్పట్లు కొడుతున్నారు. వెనక పెద్ద బోర్డుమీద అంకెలు. ఎవరో పోటీలో గెలిచారనుకున్నాను. “కాదక్కా, షేర్ మార్కెట్టు” అంది మా చెల్లెలు. జపాన్ షేర్ల ధరవరల్ని చూపించే నిక్కీ సూచీ ఆవేళ 39,098 దగ్గర ముగిసిందట. అంతకుముందు 1989 డిసెంబరు 29న 38,915కి ఎక్కింది. ఆ మెట్టుని మళ్ళీ దాటడానికి దానికి ముప్ఫై నాలుగేళ్ళు పట్టింది!

సరిగ్గా అప్పుడే ఒబాచాన్ కమలాపళ్ళ సంచీతో లోపలికొచ్చింది. నిలబడే టీవీకేసి చూసింది. “తిరిగొచ్చిందన్నమాట” అంది. ఎప్పుడో ఇల్లొదిలిపోయిన మనిషి గుమ్మంలో నిలబడితే, మంచినీళ్ళివ్వాలో తలుపెయ్యాలో తెలియని మొహం పెట్టింది. పళ్ళు బల్లమీద పెట్టి వెళ్ళిపోయింది. ఎప్పుడూ పిల్లాణ్ణి ఎత్తుకోకుండా వెళ్ళే మనిషి కాదు.

మర్నాడు వాళ్ళ చక్రవర్తి పుట్టినరోజు. ఆఫీసులకి సెలవు. మా మరిదికి పిల్లల్ని అప్పగించి, మా చెల్లెల్ని దుబాసీగా పెట్టుకుని ఆవిడింటికి వెళ్ళాను. నవలలు రాసేవాళ్ళకి ఇలాంటి విషయాల్లో సిగ్గుండదు లెండి.

ఆవిడ గదిలో ఒక బీరువా నిండా ఒకే కొలత నోటుపుస్తకాలు. పద్దుల పుస్తకాలట. ‘కకేబో’ అంటారు. 1904లో హాని మోతోకో అనే పత్రికా రచయిత్రి ఇల్లాళ్ళకి ఈ పద్ధతి అలవాటు చేసింది. ఏ నెలకానెల వచ్చింది ఇంత, బియ్యానికింత, పిల్లల చదువుకింత, మిగిలింది ఇంత అని రాసుకోవడం. జీతం కవరు మొగుడు తెచ్చి పెళ్ళాం చేతికిస్తే, ఆవిడ లెక్క చూసి అతని చేతిఖర్చుకి కొంత తిరిగిచ్చే ఇళ్ళు అక్కడ మామూలు. ఈ ఒక్క ముక్క వినగానే జపాన్ మీద నాకు అపారమైన గౌరవం కలిగిందని వేరే చెప్పాలా!

ఒబాచాన్ ఒక్కొక్క పుస్తకమే తీసి చెప్పుకొచ్చింది. ఆవిడ చెప్పని లెక్కలు కొన్ని తరవాత మా మరిది పూరించాడు. నాకర్థమైనంతలో సంగతి ఇదీ.

1985 సెప్టెంబరులో న్యూయార్కులోని ప్లాజా హోటల్లో అమెరికా, జపాన్, పశ్చిమ జర్మనీ, బ్రిటన్, ఫ్రాన్స్ దేశాల ఆర్థికమంత్రులు కూర్చుని, డాలరు విలువ తగ్గించాలని ఒప్పందం చేసుకున్నారు. అప్పటికి డాలరుకి దాదాపు 240 యెన్‌లు వచ్చేవి. ఏడాదిన్నర తిరక్కుండా అది 150 దాకా పడింది. అంటే జపాన్ వాళ్ళ కార్లూ టీవీలూ అమెరికాలో ఉన్నట్టుండి ప్రియమైపోయాయన్నమాట. సరుకు అమ్ముడుపోకపోతే ఫ్యాక్టరీలు మూతపడతాయని భయం. ఆ భయంతో అక్కడి రిజర్వు బ్యాంకు, అంటే బ్యాంక్ ఆఫ్ జపాన్, వడ్డీ తగ్గించుకుంటూ వచ్చింది. 5 శాతం ఉన్నది 1987 ఫిబ్రవరికల్లా 2.5 శాతమైంది. 1989 మే దాకా అక్కడే ఉంది.

వడ్డీ చవకైతే ఎవరైనా ఏం చేస్తారు? అప్పు చేస్తారు. అప్పు చేసి స్థలం కొన్నారు. స్థలం ధర పెరిగింది. పెరిగిన స్థలాన్ని తాకట్టు పెడితే బ్యాంకు ఇంకా పెద్ద అప్పిచ్చింది. దాంతో షేర్లు కొన్నారు. షేర్లు పెరిగాయి. లాభంతో మళ్ళీ స్థలం. 1985 చివర 13,000 దగ్గరున్న నిక్కీ నాలుగేళ్ళలో దాదాపు మూడింతలయింది. ఎన్.టి.టి. అనే టెలిఫోన్ సంస్థ షేర్లని ప్రభుత్వం 1987లో జనానికి అమ్మింది. ఒక్కొక్క షేరు 11,97,000 యెన్‌లు. ఏప్రిల్‌కల్లా అది 31,80,000 అయింది. కూరల మార్కెట్టులో ఆడవాళ్ళు ముల్లంగి ధర మానేసి షేరు ధర మాట్లాడుకునేవారని ఒబాచాన్ నవ్వింది. టోక్యో నడిబొడ్డున చక్రవర్తి కోట ఉన్న స్థలం, అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం మొత్తంకన్నా ఖరీదైనదని చెప్పుకునేవారట. రాత్రిపూట టాక్సీ దొరకాలంటే 10,000 యెన్‌ల నోటు గాలిలో ఊపాలిట. ఒక బీమా కంపెనీ 1987లో లండన్ వేలంలో వాన్‌గో వేసిన పొద్దుతిరుగుడు పువ్వుల బొమ్మని రెండున్నర కోట్ల పౌన్లకి కాస్త తక్కువలో కొన్నది. ఆ బొమ్మ ఇప్పటికీ షింజుకు పేటలో ఉంది, వెళ్ళి చూసొచ్చాను. కూజాలో పువ్వులు కొన్ని విచ్చుకుని ఉన్నాయి, కొన్ని వాడి తల వంచాయి.

“భయం వెయ్యలేదా మీకు?” అని అడిగాను ఒబాచాన్‌ని.

“ఎందుకు వేస్తుంది? భూమి ధర తగ్గడమన్నది మా అమ్మ చూడలేదు, మా అత్తగారు చూడలేదు” అంది.

మనమూ అంటాం కదా, భూమి ఎక్కడికి పోతుందీ అని. నిజమే, భూమి ఎక్కడికీ పోదు. పోయేది దాని ధర.

మన పెద్దలు బతుకుని నీటిబుడగ అన్నారు. జపాన్ వాళ్ళు ఆ నాలుగైదేళ్ళనీ ‘బబురు’ అంటారు, అదీ బుడగే. నాకు మాత్రం పొయ్యిమీది పాలు గుర్తొచ్చాయి. పొంగు వచ్చినప్పుడు గిన్నె నిండుగా కనిపిస్తుంది. లోపల పాలు చుక్కైనా పెరగవు. అడుగున మంట తగ్గించగానే ఆ పొంగంతా చప్పున కిందికి దిగుతుంది. పాలు ఎన్నున్నాయో అప్పుడు తెలుస్తుంది.

అక్కడా అదే జరిగింది. ధరలిలా పెరిగితే మామూలు ఉద్యోగస్తుడు జన్మలో ఇల్లు కొనలేడని గోలెత్తింది. 1989 మేలో వడ్డీ పెంచడం మొదలుపెట్టి, 1990 ఆగస్టుకి 6 శాతం చేశారు. స్థలాలమీద ఇచ్చే అప్పులకి ప్రభుత్వం కళ్ళెం వేసింది. 1990 అక్టోబరు మొదటికి నిక్కీ దాదాపు సగమైంది. స్థలాల ధరలు ఇంకో ఏడాది నిలబడి, ఆ పైన దిగడం మొదలెట్టాయి. ఒక ఏడాది కాదు, రెండేళ్ళు కాదు, పది పన్నెండేళ్ళ పైమాటే. పెద్ద నగరాల్లో వ్యాపారపు స్థలాల ధర నాలుగో వంతుకన్నా కిందికి పోయింది.

ఒబాచాన్ వాళ్ళు ఈ ఫ్లాటు కొన్నది 1990 వసంతంలో. ఇప్పుడు కొనకపోతే ఇంకెప్పటికీ కొనలేమని భయపడి, 5 కోట్ల 80 లక్షల యెన్‌లకి కొన్నారు. 2003లో ఆవిడ భర్త రిటైరయ్యేనాటికి దీని ధర 2 కోట్లకి కాస్త పైన. అప్పు మాత్రం తగ్గలేదు; అప్పుకి ఆ సుగుణం లేదు. అమ్మితే అప్పు తీరదు, ఉంచుకుంటే జీతం మిగలదు. రిటైరైనప్పుడు వచ్చిన డబ్బంతా దానికే పోసి బయటపడ్డారు. ఆ పదమూడేళ్ళ పద్దుల్లో సినిమాకి గానీ, హోటలుకి గానీ ఒక్క యెన్ లేదు. వేళ్ళతో వరసలు చూపిస్తూ చెప్పింది.

నవలైతే ఇక్కడ నేనొక విలన్‌ని ప్రవేశపెట్టేదాన్ని. ఎంత వెతికినా దొరకలేదు. ఫ్యాక్టరీలు మూతపడకూడదని ఒకరు వడ్డీ తగ్గించారు. తాకట్టు బలంగా ఉందని ఒకరు అప్పిచ్చారు. పిల్లాడికో గూడు ఉండాలని ఒకరు ఇల్లు కొన్నారు. ఎవరికి వాళ్ళు సవ్యంగానే ఆలోచించారు. ఆశపోతులూ ఉన్నారనుకోండి, వాళ్ళెక్కడ లేరు?

అయితే, ఇంతవరకూ చెప్పింది అసలు కథ కాదు. ఫ్లాటు ధర పోయిన సంగతి ఒబాచాన్ నవ్వుతూనే చెప్పింది. అవి నవ్వి చెప్పుకోదగ్గ నష్టాలు. ఆవిడ నవ్వు ఆగింది 1999 పుస్తకం దగ్గర.

మన పెళ్ళిభోజనాలు గుర్తుచేసుకోండి. మొదటి బంతిలో వాళ్ళు కూర్చున్నారు. సగం వడ్డనలో వంటింట్లో సరుకు చాలదని తెలిసింది. కూర్చున్నవాళ్ళని లేపుతామా? మర్యాద కాదు. మరేం చేస్తాం? రెండో బంతికి విస్తళ్ళు వెయ్యం. జపాన్ కంపెనీలు చేసింది అదే. అక్కడ పెద్ద కంపెనీలో చేరితే రిటైరయ్యేదాకా అక్కడే. ఉన్నవాళ్ళని తీసెయ్యడం మహాపాపం. అందుకని కొత్తవాళ్ళని తీసుకోవడం తగ్గించేశారు. 1991 మార్చిలో చదువు పూర్తిచేసి ఉద్యోగం కోరిన ప్రతి 100 మందికీ కంపెనీల దగ్గర 286 ఖాళీలుండేవి. 2000 మార్చిలో అదే 100 మందికి 99. అంకె చూస్తే ఒక్కటేగా తక్కువ అనిపిస్తుంది. ఆ ఖాళీలన్నీ అందరూ వెళ్ళగలిగినవీ కావు, నిలవగలిగినవీ కావు.

బ్యాంకులేమో చచ్చిపోయిన అప్పుల్ని బతికే ఉన్నట్టు పుస్తకాల్లో చూపించుకుంటూ ఏళ్ళు వెళ్ళబుచ్చాయి. 1997 నవంబరులో ఆ గుట్టు రట్టయింది. ఒకే నెలలో హొక్కైడో తకుషోకు అనే బ్యాంకూ, వందేళ్ళ యమాయిచి అనే షేర్ల కంపెనీ కుప్పకూలాయి. తప్పంతా మాది, మా ఉద్యోగులది కాదు అంటూ యమాయిచి అధ్యక్షుడు టీవీ కెమెరాల ముందు బావురుమన్నాడు. దాంతో మిగతా కంపెనీలు ఉన్న నాలుగు తలుపులూ మూసుకున్నాయి. సుమారు 1993 నుంచి 2004 దాకా పట్టాలు పుచ్చుకున్న పిల్లలకి వచ్చిన ఆ కాలాన్ని జపాన్‌లో ‘ఉద్యోగాల మంచుయుగం’ అంటారు.

ఒబాచాన్ కొడుకు చదువు 2000 మార్చిలో పూర్తయింది. “మీ ఇంజనీర్లు మా పేటకి వచ్చిన ఏడాదే” అంది ఆవిడ. అందులో నిష్ఠూరం లేదు. క్యాలెండరు చూసి చెప్పినట్టు చెప్పింది. నేనే తల దించుకున్నాను.

అక్కడ ఉద్యోగానికొక ముహూర్తం ఉంది. చదువు పూర్తికాకముందే కంపెనీల చుట్టూ తిరగాలి. పట్టా చేతికొచ్చిన ఏప్రిల్‌లో అందరూ ఒకేసారి చేరాలి. ఆ ఏప్రిల్ తప్పిపోతే వచ్చే ఏప్రిల్‌లో నీ బదులు వచ్చే ఏటి పిల్లలుంటారు. దేశం కాస్త తేరుకుని మూడో బంతి వేసినప్పుడు కూడా, అప్పుడే స్నానం చేసి వచ్చిన కుర్రాళ్ళని కూర్చోబెట్టారు గానీ, గుమ్మంలో నిలబడి ఉన్న రెండో బంతి వాళ్ళని పిలవలేదు. పైగా, బయటి ఏజన్సీల ద్వారా తాత్కాలికంగా మనుషుల్ని పెట్టుకునే చట్టాన్ని 1999లో సడలించారు. 2004లో ఫ్యాక్టరీలకీ వర్తింపజేశారు. ఆ పిల్లలు అటు మళ్ళారు. బోనసు లేదు, పెరుగుదల లేదు, రేపు రమ్మంటారో లేదో తెలియదు. ఒబాచాన్ కొడుకు అలా ఇరవైమూడేళ్ళు గడిపాడు.

“వాళ్ళ నాన్న కొన్నేళ్ళు వాడితో మాట్లాడలేదు” అంది ఆవిడ. “ఆయన రోజుల్లో కంపెనీలే కాలేజీకొచ్చి పిలుచుకుపోయేవి. నాకు దొరికింది, నీకెందుకు దొరకదు, నీలోనే లోపముంది అనేవారు. నేనూ అలాగే అనేదాన్ని. ‘గంబారే’ అనేదాన్ని.”

గంబారే అంటే గట్టిగా ప్రయత్నించు అని. జపాన్‌లో తల్లులు రోజుకి పదిసార్లు అనే మాట. మా చెల్లెలు అనువదించక్కర్లేకపోయింది. మనం తెలుగులో అనేది కూడా అదేగా.

“కంపెనీ మా ఆయన్ని తీసెయ్యలేదు” అంది మళ్ళీ. “దానికి నేను రోజూ దేవుడికి దణ్ణం పెట్టుకునేదాన్ని. మరి మావాణ్ణి ఎందుకు తీసుకోలేదూ అని మథనపడేదాన్ని. ఆ రెండూ ఒకటేనని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.”

2016లో భర్త పోయాక, ఏవో కాగితాలు అవసరమై ఆవిడ పాత పద్దుల పుస్తకాలు కిందికి దించింది. 1999 పుస్తకం తిరగేస్తుంటే ప్రతి వారం ఒక వరస కనిపించింది. పోస్టుకార్డులు 10, 500 యెన్‌లు. పోస్టుకార్డులు 20, 1,000 యెన్‌లు. అప్పట్లో కంపెనీలకి ముందుగా కార్డు రాయాలి, మీ దగ్గర చేరదల్చుకున్నాను, వివరాలు పంపండి అని. మధ్యమధ్య దరఖాస్తుకి ఫోటోలు. రెండుసార్లు బూట్లకి కొత్త అట్టలు. ఆవిడ కూడి చూసింది. నూటఅరవైమూడు కార్డులు!

“నా చేత్తో నేనే రాశాను. వాడు బద్ధకస్తుడని పదహారేళ్ళు అన్నదీ నేనే” అంది.

ఆ రాత్రి కొడుకు పనికి వెళ్ళబోతూ భోజనానికి కూర్చుంటే, అన్నం గిన్నె పక్కన ఆ పుస్తకం తెరిచి పెట్టిందట. నోటితో ఏమీ అనలేదట. క్షమించమని నోరు తెరిచి అడగడం ఆ తరం తల్లులకి రాదు. అక్కడైనా, ఇక్కడైనా. అతను చాలాసేపు చూసి, పుస్తకం మూసి, “నూటఅరవైమూడు కాదమ్మా. కొన్ని నా డబ్బుతో కూడా కొన్నాను” అన్నాడట.

మా చెల్లెలు ఈ ముక్క అనువదించడానికి కొంచెం టైము తీసుకుంది. బాలింత, ఏడవకూడదు. నేను దాని వీపు నిమురుతూ కూర్చున్నాను.

వాళ్ళు పోగొట్టుకున్న కాలానికి మొదట ‘పోయిన పదేళ్ళు’ అని పేరుపెట్టారు. ఆ పదేళ్ళూ ఇరవై అయి, ముప్ఫై అయ్యాయి. ఎనభైలలో ఉన్న తల్లిదండ్రులు యాభైలలో ఉన్న పిల్లల్ని సాకుతున్న ఇళ్ళకి ‘8050’ అని ఇంకో పేరు. 2019లో ప్రభుత్వం లెక్క తీస్తే, నలభై నుంచి అరవైనాలుగేళ్ళ లోపు వాళ్ళలో ఇంట్లోంచి బయటికి రాకుండా ముడుచుకుపోయినవాళ్ళు 6,13,000 మంది ఉంటారని తేలింది. అందరిదీ ఉద్యోగాల బాధే అనలేం గానీ, అందులో ఈ కథా ఉంది. ఆ ఏడాదే తకరజుకా అనే ఊరి మునిసిపాలిటీ మంచుయుగం వాళ్ళకోసమని మూడు ఉద్యోగాలు ప్రకటించింది. 1,800 మందికి పైగా దరఖాస్తు పెట్టారు. దేశం నలుమూలలనుంచీ వచ్చారట. ఇరవై ఏళ్ళ తరవాత కూడా ఎక్కడైనా ఒక విస్తరి వేస్తారేమోనని చూస్తూ నిలబడ్డవాళ్ళు.

సూచీ తిరిగొచ్చింది. మంచిదే. మొన్నటిదాకా సున్నా దగ్గర, 2016 నుంచి సున్నాకి కూడా కింద ఉంచిన వడ్డీని 2024 మార్చిలో మళ్ళీ పైకి తెచ్చారు. ఇప్పుడక్కడ పనికి మనుషులు దొరకడంలేదని వ్యాపారులు మొత్తుకుంటున్నారు. చదువైపోయిన పిల్లల్ని మళ్ళీ కాలేజీలనుంచే పిలుచుకుపోతున్నారు. ఒబాచాన్ కొడుకు మాత్రం రాత్రి తొమ్మిదికి టిఫిను డబ్బా పట్టుకుని గోడౌనుకి బయల్దేరతాడు. ఇరవైరెండో ఏడు తిరిగొచ్చే సూచీ ఎక్కడా లేదు.

ఇక నా సంగతి. ఇది చెప్పకపోతే పైన రాసిందంతా పరాయివాళ్ళ పురాణమవుతుంది. మావాడు 2023లో ఇంజనీరింగు పూర్తిచేశాడు. ఆ ఏడాది కంపెనీలు కాలేజీలకి రావడమే పలచబడింది. వాడు ఇంట్లో ఉన్నాడు. నేను జపాన్ బయల్దేరే ముందురోజు కూడా, “నీతోటివాళ్ళందరూ ఏదో ఒకటి చూసుకున్నారు, నువ్వు గట్టిగా ప్రయత్నిస్తేగా” అన్నాను. మావాడి కథా జపాన్ బుడగ కథా ఒకటేనని నేననను. వీడు పొద్దున తొమ్మిదింటిదాకా లేవని మాట కూడా వాస్తవమే. తల్లిని, అబద్ధమాడలేను. కాని నేను వాడి నిద్ర గంటలు లెక్కపెట్టాను గానీ, వాడు మెలకువగా ఉన్న గంటలు ఎప్పుడూ లెక్కపెట్టలేదు.

ఆ రాత్రి ఫోన్ చేశాను.

“ఇప్పటిదాకా ఎన్ని చోట్లకి అప్లికేషన్లు పెట్టావురా?”

అటునించి కాసేపు నిశ్శబ్దం. “ఎందుకమ్మా? మళ్ళీ మొదలెట్టావా?”

“కాదురా. రాసుకుందామని.”

“రాసుకుని ఏం చేస్తావు?”

“ఏమీ చెయ్యను. లెక్క ఉండాలి కదా.”

వాడు లోపలికెళ్ళి ఏదో వెతికిన చప్పుడైంది. తిరిగొచ్చి అంకె చెప్పాడు. రెండువందల పదకొండు.

నా చేతిసంచీలో చిన్న డైరీ ఉంటుంది. ఇంగువ ఇంత, ఉన్ని బట్టలకింత, ఏర్‌పోర్టు టాక్సీకింత అని రాసిన పేజీ తీసి, దాని కిందే ఆ అంకె వేశాను. పక్కన తారీకు కూడా వేశాను.